ఈ రేంజర్ 3.0 వాడా, 3.5 వాడా?

సెకండ్ హ్యాండ్‌లో కొన్న డంజన్స్ అండ్ డ్రాగన్స్ (పాత్రలు వేస్తూ పాచికలతో ఆడే కథల ఆట) కాగితాల కట్టలో ఒక్క షీట్ తప్ప అన్నీ ఏ ఎడిషన్‌వో తేలిపోయాయి. ఆ ఒక్కటే నా ప్రాణం తోడేస్తోంది.

థాకో (దెబ్బ తగలాలంటే పాచికపై ఎంత పడాలో తేల్చే అంకె), ప్రీస్ట్ స్ఫియర్లు (పూజారుల మంత్రాల విభాగాలు) ఉన్నవి అడ్వాన్స్‌డ్ రెండో ఎడిషన్ కుప్పలోకి, ఆకుపచ్చ, ఎరుపు పట్టీల పవర్లు (పాత్ర చేయగల ప్రత్యేక పనులు) ఉన్నవి నాలుగో ఎడిషన్ కుప్పలోకి వెళ్లాయి. నాలుగో ఎడిషన్‌ని ఎంతమంది తిట్టినా, గుర్తుపట్టడానికి అంత సులువైనది ఇంకోటి లేదు.

ఇక మొండిఘటం. ఎవరో సొంతంగా టైప్ చేసుకున్న అడ్వెంచర్ (ఆడటానికి రాసుకున్న కథ), తేదీ లేదు. అందులో ఐదో లెవెల్ హ్యూమన్ రేంజర్ (అడవుల్లో తిరిగే వేటగాడి పాత్ర): కాన్‌స్టిట్యూషన్ (శరీర దారుఢ్యం) 14, హిట్ పాయింట్లు (ప్రాణశక్తి) 42. హిట్ డైస్ (లెవెల్‌కి ఎన్ని హిట్ పాయింట్లో తేల్చే పాచిక) ఉండాల్సిన మూల చిరిగిపోయింది. మూడో ఎడిషన్‌లో రెండు రూపాలు: 2000 నాటి 3.0లో రేంజర్‌కి డి10 (పది ముఖాల పాచిక), 2003 నాటి సవరణ 3.5లో డి8 (ఎనిమిది ముఖాలది). మొదటి లెవెల్‌కి పూర్తి విలువ, మిగతా నాలుగింటికి సగటు తీసుకుంటే డి10తో 32, కాన్‌స్టిట్యూషన్ బోనస్ లెవెల్‌కి 2 చొప్పున 10, మొత్తం 42. డి8తో అయితే 36. మూడో లెవెల్లో 3.5 రేంజర్‌కి ఊరికే వచ్చే ఎండ్యూరెన్స్ ఫీట్ (అలసట ఓర్చుకునే ప్రత్యేక సామర్థ్యం) కూడా లేదు. 3.0 అని రాసేయబోయాను.

కింద చూస్తే స్కిల్ పేరు సర్వైవల్! 3.0లో అది వైల్డర్‌నెస్ లోర్ కదా. పక్కనున్న గార్గాయిల్‌కి డ్యామేజ్ రిడక్షన్ (తగిలిన దెబ్బలో తగ్గేది) 10/మ్యాజిక్, 3.0లో 15/+1 ఉండాలి. కానీ తోడేలుకి మళ్లీ ఫేస్/రీచ్ (ఆక్రమించే చోటు, అందుకునే దూరం) 5 బై 5 అని పాత పద్ధతి. 3.5లో అది స్పేస్/రీచ్.

డైస్ నిజంగా వేసి ఉంటే డి8తోనూ 42 రావచ్చు, కాదనను. కానీ ఎండ్యూరెన్స్, ఫేస్ సంగతేంటి? నా అనుమానం, 3.0లో రాసుకున్న ఆటని 2003 తర్వాత సగం మార్చి వదిలేశారు. రాక్షసుల్ని కొత్త పుస్తకం నుంచి ఎత్తుకుని, రేంజర్‌కి స్కిల్ పేరొక్కటే దిద్ది ఉంటారు. తోడేలుని ఎవరూ పట్టించుకోలేదు, పాపం.

ప్రస్తుతానికి '3.0, సగం 3.5' అని పెన్సిల్‌తో రాసి పాలీప్రొపిలీన్ కవర్‌లో పెట్టాను. పీవీసీ కవర్లు ఎంత చవకైనా కొనకండి, ప్రింట్ సిరా వాటికి అంటుకుపోతుంది.

రెండో పేజీ దొరికితే ముందు గ్రాపుల్ (కుస్తీ పట్టు) లైన్ వెతుకుతాను, 3.5 రాక్షసులకి అది విడిగా ఉంటుంది. ఈలోగా 1981 బేసిక్, 1983 బేసిక్ (ఇదే ఆటకి కొత్తవాళ్ల సెట్లు) విడి పేజీల పని మొదలుపెట్టాలి. అట్టలుంటే ఎరోల్ ఓటస్ బొమ్మా, లారీ ఎల్మోర్ బొమ్మా అని ఇట్టే చెప్పొచ్చు. నా దగ్గర అట్టలే లేవు.