తొడిమ వదిలే వేళ

మా చెల్లెలి కొడుక్కి మూడేళ్లు. న్యుమోనియా ముదిరితే సూళ్లూరుపేట నుంచి రాత్రికి రాత్రే చెన్నై తీసుకొచ్చాం. 12 రోజులు పిల్లల ఐసీయూలో ఉన్నాడు. అందులో 8 రోజులు వెంటిలేటర్ మీదే.

బయట కుర్చీలో కూర్చుని నేను చేసిందల్లా మృత్యుంజయ మంత్రం చదువుకోవడమే. ఋగ్వేదం ఏడో మండలంలోది, వసిష్ఠుడి సూక్తం. 'ఉర్వారుకమివ బంధనాత్' దగ్గరికి రాగానే నోరు ఆగిపోయేది. దోసపండు తొడిమ నుంచి విడివడినట్టు మృత్యువు నుంచి విడిపించమని కదా అడగడం. చిన్నప్పుడు మా దొడ్లో దోసపాదు ఉండేది. పచ్చికాయ లాగితే తీగంతా కదిలి వచ్చేది, నాన్న తిట్టేవాడు. పండిందైతే చెయ్యి తగిలితే చాలు, తొడిమ దగ్గర సన్నగా పగిలి అరచేతిలోకి వచ్చేసేది.

ఆస్పత్రిలో నేను చేసిందీ పచ్చికాయ లాగడమే. ట్యూబు ఎప్పుడు తీస్తారని డాక్టరమ్మను రోజుకు రెండుసార్లు అడిగేదాన్ని. "మెషిన్ చేసే పని కొంచెం కొంచెం తగ్గిస్తున్నాం, వాడెంత పీల్చుకుంటాడో చూడాలి. తొందరపడి తీస్తే మళ్లీ వెయ్యాల్సి వస్తుంది" అనేది. మెషిన్ ఇచ్చే ఆక్సిజన్ 60 శాతం నుంచి 50కి, తర్వాత 45కి తగ్గింది. ఒక రాత్రి మళ్లీ 55. ఆ రాత్రి టెన్షన్ గురించి రాయలేను. మనం మామూలుగా పీల్చే గాలిలో ఉండేది 21 శాతమే.

అదే మంత్రంలో 'పుష్టివర్ధనం', అంటే పుష్టిని పెంచేవాడు, అనే మాటను అంతకుముందు ఎన్నడూ పట్టించుకోలేదు. ముక్కు గొట్టంలోంచి పాలు, మొదట 10 మిల్లీలీటర్లు, అరిగితే 20. నర్సు సిరంజి పైకెత్తి పట్టుకుని, పాలు వాటంతటవే దిగేదాకా నిలబడేది. నెట్టేది కాదు.

తిరువాన్మియూరు మరుందీశ్వరుడి గుడి నుంచి మరిది విభూతి తెచ్చాడు. మరుందు అంటే తమిళంలో మందు. అగస్త్యుడికి మూలికల గుణాలు చెప్పింది ఆ స్వామేనని స్థలపురాణం. పొడి బిడ్డ దగ్గరికి వద్దన్నారు. నర్సు మాత్రం పొట్లం విప్పకుండానే కేస్ షీటుకు క్లిప్పు పెట్టి ఉంచింది, మందుల చీటీ పక్కనే.

ట్యూబు గొంతులోంచి పోతుంది కాబట్టి, వాడు ఏడ్చినా చప్పుడు రాదు. ముఖం ముడుచుకుంటుంది, కన్నీళ్లు కారతాయి, అంతే. తొమ్మిదో రోజు పొద్దున తీశారు. కాసేపటికి తలుపు అవతల పిల్లికూన అరిచినట్టు ఒక బొంగురు ఏడుపు.

"అక్కా, వాడే" అంది చెల్లి.