బండకొక లెక్క, ఫిల్సుకొక లెక్క

కువైట్‌లో నాకిది పన్నెండో ఏడు. షువైఖ్‌లో ఇళ్లు కట్టే సామాను అమ్మే కంపెనీలో స్టోర్ కీపర్‌ని. పోయిన నెల ఎర్రగుంట్ల నుంచి మా బావ ఫోన్ చేశాడు.

"మన బండల ఫ్యాక్టరీకంటూ ఒగ సాఫ్ట్‌వేర్ చేపిచ్చుకుందామనుకుంటాండా బామ్మర్దీ. కడప పిల్లోడొకడు లక్షా ఎనభై వేలు అడుగుతాండాడు. రెడీమేడ్‌ది కొంటే తక్కువలో పోతాదంట. ఏమంటావ్?"

రెండ్రోజులు ఆగు బావా అన్నాను. రెండు దారుల్లోనూ నడిచిన కంపెనీ మాది. తొందరపడి ఒక మాట అనబుద్ధి కాలేదు.

నేను చేరేనాటికి ఇక్కడ సొంతంగా రాయించుకున్న ప్రోగ్రాం ఉండేది. మా గోడౌన్‌లో అరలు ఎట్లుంటే స్క్రీన్ మీదా అట్లే. బిల్లు అరబ్బీలో వచ్చేది. అంత చక్కగా మా పనికి అమిరిన ప్రోగ్రాంని మళ్లీ చూడలేదు. అయితే రాసినాయన వేరే దేశం వెళ్లిపోయాడు, సోర్స్ కోడ్, అంటే ఆ ప్రోగ్రాం అసలు రాత, ఎవరి దగ్గరా లేదు. రెండో గోడౌన్ తెరిచినప్పుడు దాన్ని అందులో చేర్చగలిగే మనిషే దొరకలేదు. తొమ్మిది నెలలు ఆ గోడౌన్ సరుకంతా చేత్తో నోటుబుక్కులో రాశాను. డ్యూటీ అయిపోయాక రూముకొచ్చి, అన్నం పక్కన పెట్టుకుని కూడికలు వేసేవాణ్ణి. ఆ బుక్కు ఇంకా నా పెట్టెలోనే ఉంది.

తర్వాత రెడీమేడ్‌ది కొన్నారు. మొదటి వారమే తగాదా. ఇక్కడ దీనారుకు వెయ్యి ఫిల్సులు, అంటే చుక్క తర్వాత మూడంకెలు రావాలి. అది రెండంకెలకే ఆగిపోతోంది. 0.375 దీనార్ల టైలు కాస్తా 0.38 అయింది. రెండు వేల టైళ్ల బిల్లులో పది దీనార్లు ఎక్కువ పడితే కొనేవాడు ఊరుకుంటాడా? "మన వ్యాపారం వేరు, ఇది పనికిరాదు, మళ్లీ సొంతంగా రాయిద్దాం" అన్నాడు మా ముదీర్, అంటే మేనేజరు. తీరా చూస్తే సెట్టింగుల్లో ఒక్క అంకె మారిస్తే సరిపోయింది. మన వ్యాపారం వేరు అని మనం గట్టిగా నమ్మే చోట్లలో సగం ఇట్లాంటివే.

రెండు రోజుల తర్వాత బావకు ఇదంతా చెప్పి, "నీ పనిలో అందరిలాంటిదేది, నీదొక్కడిదేది, ముందు విడదీయి" అన్నాను.

అకౌంట్లు, జీఎస్టీ అందరివీ. 2017 జూలై 1న జీఎస్టీ వచ్చినప్పటి నుంచి నియమాలు ఎన్నిసార్లు మారాయో బావకు తెలుసు. 2023 ఆగస్టులో ఈ-ఇన్‌వాయిస్, అంటే బిల్లును ప్రభుత్వ పోర్టల్‌లో నమోదు చేసే పద్ధతి, 5 కోట్ల టర్నోవర్ దాటినవాళ్ల దాకా దిగింది. 2025 సెప్టెంబర్ 22న పన్ను శ్లాబులే మారిపోయాయి. టాలీ లాంటి రెడీమేడ్ అకౌంట్ల సాఫ్ట్‌వేర్ అయితే లక్షల మందికి కలిపి ఒక్కసారే మార్పులు చేస్తారు. సొంతదైతే ప్రతిసారీ ఆ ఒక్క పిల్లోడే ఫోన్ ఎత్తాలి. ఆ పిల్లోడికి రేపు బెంగళూరులో ఉద్యోగం రాదా? రావాలనే కోరుకుందాం. అప్పుడు ఫ్యాక్టరీ గతేంటి?

బండల కొలత మాత్రం బావదే. పాలిష్ అయిన నాపరాయిని గోడకు ఆనించి గుమాస్తా సుద్దముక్కతో రాస్తాడు: 47, 23. అంగుళాల్లో పొడవు, వెడల్పు. రెండూ గుణించి 144తో భాగిస్తే 7.51 చదరపు అడుగులు. మూల కొంచెం విరిగి ఉంటే, చేత్తో తడిమి, పొడవులో రెండంగుళాలు కొట్టేసి 45 అని వేస్తాడు. అప్పుడది 7.19. ఒక్కో లారీకి వందల బండలు, ప్రతి బండకూ ఇదే లెక్క. లారీ బయల్దేరే వేళకు కాలిక్యులేటర్ మీద వేళ్లు తొట్రుపడతాయి. బావకు నష్టం వచ్చేదీ, కొనేవాళ్లతో మాట పడేదీ ఇక్కడే. డబ్బు పెట్టాల్సిందీ ఇక్కడే.

అందుకని అకౌంట్లకు టాలీ కొనమన్నాను. కొలతల లెక్కొక్కటే ఆ పిల్లోడితో రాయించి, మొత్తం అడుగులు టాలీలోకి పోయేటట్టు చేయించమన్నాను. టాలీకి టీడీఎల్ అని సొంత భాష ఉంది, అది తెలిసినవాళ్లయితే లోపలే కొత్త గడులు చేర్చగలరు. పని చిన్నదైంది కాబట్టి పిల్లోడు నలభై వేలకు ఒప్పుకున్నాడు. సోర్స్ కోడ్, పాస్‌వర్డులు చేతికిచ్చాకే చివరి పదివేలు ఇవ్వమని బావకు రెండుసార్లు చెప్పాను. ఈ మాట కాగితం మీద రాయించమని మూడోసారి అక్కకు చెప్పాను.

పోయిన శుక్రవారం, నాకు సెలవు రోజు, బావ వాట్సాప్‌లో మొదటి ప్రింటు పంపాడు. వరుసగా బండలు, పక్కన అడుగులు. పన్నెండో వరుసలో 47 కొట్టేసి 45 అని ఉంది, దాని ఎదురుగా "మూల విరిగింది" అని తెలుగులో. గుమాస్తా అడిగి మరీ ఆ గడి పెట్టించుకున్నాడంట.

నా తొమ్మిది నెలల నోటుబుక్కు తీసి, ఒక పేజీ ఫోటో కొట్టి బావకు పంపాను.