సంతకం తర్వాత మొదలయ్యే తంటా

వాణిజ్య ఒప్పందంపై సంతకాల ఫోటోలు వచ్చేశాయి, అందరూ సంబరంలో ఉన్నారు. నేనేమో అందులోని సుంకాల షెడ్యూల్ ఏ హెచ్‌ఎస్ (సరుకులను వర్గీకరించే అంతర్జాతీయ కోడ్‌ల పద్ధతి) వెర్షన్‌లో ఉందో వెతుకుతున్నా.

చర్చలు 2017 కోడ్‌లతో సాగి, కస్టమ్స్ 2022 కోడ్‌లతో నడుస్తుంటే చిక్కంతా అక్కడే. స్మార్ట్‌ఫోన్ అప్పట్లో మిగతా మొబైళ్లతో కలిపి 8517.12లో ఉండేది, ఇప్పుడు 8517.13. ఏది ఎక్కడికి మారిందో చెప్పే పట్టిక లేకపోతే రాయితీ అడిగిన సరుకు పోర్టులోనే ఆగిపోతుంది.

సరుకు ఏ దేశంలో తయారైనట్టో తేల్చే మూలదేశ నిబంధన ఇంకో మెలిక. ‘నాలుగంకెల శీర్షిక మారాలి’ అని, అంటే తయారైన సరుకు కోడ్‌లోని మొదటి నాలుగంకెలు దిగుమతి చేసుకున్న వాటి కోడ్‌కు వేరుగా ఉండాలని రాసేసి చేతులు దులుపుకుంటారు. ఫోనూ దాని విడిభాగాలూ రెండూ 8517లోనే ఉన్నాయి కదా! దిగుమతి చేసుకున్న విడిభాగాలను ఎంత బిగించినా శీర్షిక మారదు. అందుకే ఆరంకెల మార్పో, స్థానిక విలువ జోడింపు శాతమో ప్రత్యామ్నాయంగా ముసాయిదా దశలోనే రాయించుకోవాలి.