పర్లాకిమిడి పిల్లల ఎండాకాలం సెలవులు

ఈ ఎండాకాలం సెలవుల్లో ఒడిశాలోని మా పర్లాకిమిడి పిల్లల్ని శ్రీకాకుళం జిల్లా ముఖలింగం తీసుకెళ్లాం. వంశధార ఒడ్డున మధుకేశ్వరుడి గుడి చూపించి, తూర్పు గంగరాజుల రాజధాని కళింగనగరం ఇదేనంటారని చెబితే నోళ్లు తెరిచారు. పూరీ గుడి మొదలుపెట్టిన చోడగంగదేవుడూ ఆ వంశం వాడే మరి! ఒడియా మీడియంలో చదివే మా మేనకోడలైతే శాసనాల్లో తెలుగక్షరాలు వెతుకుతూ అక్కణ్ణుంచి కదల్లేదు.

మర్నాడు కొండమీద సవర గిరిజనుల ఊరికి. గిడుగు రామమూర్తి పంతులుగారు మా ఊళ్లోనే మాస్టారుగా ఉంటూ సవర భాష నేర్చుకున్నారు, 1931లో దాని వ్యాకరణం అచ్చయింది. అక్కడ గోడమీద ఇడితాల్ అనే సవరల సంప్రదాయ బొమ్మలు వేసే తాత పక్కన కూర్చున్న పిల్లలు అన్నం మాటే మరిచారు. సెలవులంటే ట్యూషన్లేనా? వచ్చే ఏడు మీ పిల్లల్నీ పంపండి, బండి ఖర్చు అందరం పంచుకుందాం.