దగ్గులో రక్తం పడిన రాత్రి

క్షయ అని తేలడం, ఎక్స్‌రేలు, కఫం పరీక్షలు, నెలల తరబడి మందులు... వాటి గురించి పెద్దగా చెప్పేదేం లేదు. మందులు పూర్తయ్యాయి, జబ్బు తగ్గింది. నన్ను ఇప్పటికీ వదలనిది ఒక మాట, ఆ మాట విన్న రాత్రి.

మా ప్రార్థన కూటం పెద్దాయన చూడ్డానికొచ్చి, "విశ్వాసం గట్టిగా ఉంటే ఈ జబ్బు నీ జోలికొచ్చేదా అమ్మా?" అన్నారు. పుట్టుగుడ్డివాణ్ణి చూపించి ఎవరి పాపమని శిష్యులు అడిగితే, ఇతనిదీ కాదు, ఇతని తల్లిదండ్రులదీ కాదని యేసుప్రభువే చెప్పారు కదా! యోహాను సువార్త 9వ అధ్యాయం ఆ పెద్దాయనకు తెలియనిదా? ఆ కోపం నాకింకా చల్లారలేదు.

ఆ రాత్రే దగ్గుతుంటే రక్తం పడింది. అమ్మ నన్ను పొదివి పట్టుకుని జపమాల చేతిలో పెట్టింది. "దేవవర ప్రసాదముచేత నిండిన మరియమ్మా, వందనము" అని మొదలుపెట్టాను. పెదవులు కదులుతున్నాయి, అవతల వినేవాళ్లెవరూ లేరనిపించింది. చావు కన్నా అదే ఎక్కువ భయపెట్టింది.

ఆసుపత్రిలో రక్తం ఆగింది. ఆ రాత్రి డ్యూటీలో ఉన్న నర్సమ్మ తెల్లారేదాకా పది నిమిషాలకోసారి వచ్చి పలకరించింది. దేవుడు ఆమెను చల్లగా చూడాలి. కానీ లోపలి చీకటి మాత్రం నెలలపాటు పోలేదు. పూజలో క్రీస్తు శరీరంగా ఇచ్చే అప్పం, దివ్యసత్ప్రసాదం, స్వీకరించినా మనసులో చలనం ఉండేది కాదు. ఇక జపం మానేద్దామా అని, పాపాలు ఒప్పుకునే పాపసంకీర్తనంలో ఫాదర్‌గారిని అడిగాను.

ఆయన మందలించలేదు. క్షయతోనే చనిపోయిన ఫ్రాన్స్ సన్యాసిని, పునీత చిన్న తెరేజమ్మ గురించి చెప్పారు. 1896లో పవిత్ర గురువారం రాత్రి ఆమెకూ ఇలాగే రక్తం పడిందట. ఆ పాస్కా (ఈస్టర్) రోజుల్లోనే మోక్షం ఉందా అన్న చీకటి కమ్మిందట. 1897లో, 24 ఏళ్లకు, కన్నుమూసేదాకా అది వీడలేదు. ఆమెను 1997లో తిరుసభ వేదపండితురాలిగా, అంటే విశ్వాసం నేర్పే గొప్ప బోధకురాలిగా, ప్రకటించింది. మరి ఆమెకూ విశ్వాసం చాలలేదా? ఆ పెద్దాయనను నేను అడగాల్సింది అదే.

ఫాదర్ ఇంకొకటి కూడా చెప్పారు. మనసు ఎండిపోయినప్పుడు, అంతకుముందు తీసుకున్న మంచి నిర్ణయాన్ని మార్చవద్దన్నది యేసుసభ స్థాపకుడు, పునీత లొయోలా ఇగ్నేషియస్‌వారి నియమం. అలాంటప్పుడు జపం తగ్గించకుండా ఇంకొంచెం సేపు నిలబడమంటారు ఆయన. ఒళ్లు తేలికపడిందని క్షయ మందులు మధ్యలో ఆపకూడదు కదా, ఇదీ అంతే అనుకున్నాను. రుచి లేకుండానే రోజూ ఒక జపమాల చెప్పాను. వెలుగు ఒక్కసారిగా ఏమీ రాలేదు. ఒక ఆదివారం పూజలో కీర్తన పాడుతుంటే గొంతు పూడుకుపోయింది, అంతే. తర్వాత మళ్లీ ఎండిన రోజులున్నాయి, ఇప్పటికీ ఉంటాయి.

ఒక్క మాట. మా ఇంట్లో ఫాదర్‌గారిని పిలిస్తే చావుకేనని భయపడి, జబ్బుపడినవారికి గురువు నూనె పూసి ప్రార్థించే వ్యాధిగ్రస్తుల అభ్యంగనం నాకు ఆలస్యం చేశారు. అది చివరి ఘడియల్లో ఉన్నవారికి మాత్రమే కాదని కతోలిక బిషప్పుల రెండవ వాటికన్ మహాసభ 1963లోనే స్పష్టం చేసింది. జబ్బు తీవ్రమవుతుందనిపించగానే కబురు పెట్టండి.