లెడ్ ట్రీ కోసం వెతికితే సుబాబుల్ వచ్చింది

బీకర్‌లో సీసం స్ఫటికాలతో చెట్టు పెంచడం నా కెమిస్ట్రీ ప్రాజెక్ట్. ఎలా చేయాలో చూద్దామని నెట్‌లో 'లెడ్ ట్రీ' అని కొడితే వచ్చినవన్నీ సుబాబుల్ ఫొటోలే! మెక్సికో, మధ్య అమెరికా ప్రాంతాల నుంచి ఉష్ణ దేశాలన్నిటికీ పాకిన ఆ చెట్టుకు ఇంగ్లిష్‌లో అదే పేరట. ప్రయోగం పాత పేరు 'ఆర్బర్ శాటర్ని', అంటే శని చెట్టు. రసవాదులు సీసాన్ని శని గ్రహంతో ముడిపెట్టేవారు. ప్రాజెక్ట్‌కి ఆ పేరు పెట్టే ధైర్యం లేక 'సీసం చెట్టు' అని రాసుకున్నాను.

మొదటిసారి లెడ్ అసిటేట్ అనే సీసం లవణాన్ని కుళాయి నీళ్లలో కలిపాను. పాలలా తెల్లబడింది. రసాయనం పాడైందేమోనని టెన్షన్ పడ్డాను. నీళ్లలోని కార్బొనేట్లు, సల్ఫేట్లు సీసంతో కలిసి అలా చేస్తాయని లెక్చరర్ చెప్పారు. రెండోసారి డిస్టిల్డ్ వాటర్ వాడి, కొన్ని చుక్కలు అసిటిక్ ఆమ్లం వేస్తే ద్రావణం తేటగా వచ్చింది. జింక్ ముక్కను గరుకు కాగితంతో రుద్ది, దారం కట్టి వేలాడదీశాను.

కాసేపటికి జింక్ నల్లబడి నూగు పట్టింది. ఇంతేనా అనిపించింది. తెల్లారి చూస్తే ఫెర్న్ ఆకుల్లా మెరిసే కొమ్మలు! జింక్ కరుగుతూ వదిలిన ఎలక్ట్రాన్లు పేరుకున్న సీసం గుండానే ప్రయాణిస్తాయి. ద్రావణంలోని సీసం అయాన్లు (విద్యుదావేశం ఉన్న సీసం కణాలు) వాటిని అందుకుని లోహంగా మారతాయి. ఆ అయాన్లు దండిగా ఉండే చోటు కొమ్మల చివర్లే కాబట్టి కొత్త సీసం ఎక్కువగా అక్కడే చేరుతుంది. ఫొటో కోసం బీకర్ కాస్త జరిపానో లేదో, సగం కొమ్మలు రాలిపోయాయి. మళ్లీ మొదటి నుంచి చేయాల్సి వచ్చింది. మూడోసారి బీకర్‌ను వదిలేసి ఫోన్‌నే జరిపాను.

లెడ్ అసిటేట్ తియ్యగా ఉంటుంది, పూర్వం దాన్ని 'సీసం చక్కెర' అనేవారు. విషం కాబట్టి చివరిదాకా గ్లవ్స్ తీయలేదు. ఆ సుబాబుల్ కూడా తక్కువదేం కాదు: ఆకులో మాంసకృత్తులు ఎక్కువే, కానీ మిమోసిన్ అనే పదార్థం వల్ల అది అతిగా తిన్న గుర్రాలకు జూలు, తోక వెంట్రుకలు ఊడిపోతాయి.

మిగిలిన ద్రావణాన్ని, రాలిన కొమ్మలను సింక్‌లో పోయకుండా సీసాలోకి ఎత్తి, 'సీసం వ్యర్థం' అని చీటీ అంటించి ల్యాబ్‌లో అప్పగించాను.