డైనమో పోయినా దాని దారి పోలేదు

మా పాత ట్రాక్టర్‌కు ఛార్జింగ్ ఎక్కడం లేదని ఇంట్లో అందరికీ ఎప్పటినుంచో తెలుసు, పట్టించుకున్నవాళ్లు లేరు. డీజిల్ బండి, పంపూ ఇంజెక్టర్లూ అన్నీ మెకానికల్. ఒకసారి స్టార్ట్ అయిందంటే బ్యాటరీ ఉన్నా లేనట్టే. స్టార్ట్ చేయడానికి మా నాయనకు మిట్ట ఉంది. సాయంత్రం బండిని మిట్ట మీద నిలబెడతాడు, పొద్దున గేరులో వేసి కిందికి వదులుతాడు. మాది గార్లదిన్నె పక్కన. వ్యవసాయ యంత్రాలను పరీక్షించే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఒకటి ఈ గార్లదిన్నెలోనే ఉంది. మా బండి మాత్రం దాని పక్కనే ఇట్లా దొర్లుకుంటూ బతుకుతోంది.

చిక్కంతా లైట్లతో వచ్చింది. చీనీకాయలు (బత్తాయిలు) కోశాక ట్రాలీని తెల్లారకముందే అనంతపురం మార్కెట్‌కు తోలాలి. సగం దూరం పోయేసరికి హెడ్‌లైట్లు పసుపురంగుకు తిరుగుతాయి. హైవే మీద లారీల మధ్య అది టెన్షనే. ఎలక్ట్రీషియన్ వచ్చి చూసి, 'ఆల్టర్నేటర్ పోయిందన్నా, వేరేది వేసేద్దాం' అన్నాడు. ఇంజిన్‌తో తిరుగుతూ బ్యాటరీని ఛార్జ్ చేసేది ఆ ఆల్టర్నేటరే. వోల్టులు కొలిచే మీటరు మాత్రం బయటికి తీయలేదు. కొన్నాళ్లు ఆగమని చెప్పి, ఆదివారాలు నేనే కూర్చున్నాను. ఉద్యోగం టౌనులో, సరదా మాత్రం ఈ బండి మీద.

మార్చి: ముందు బ్యాటరీ

బ్యాటరీ బాగుందో లేదో తేలకుండా ఛార్జింగ్ సంగతి చూడటం దండగ. బండిని రాత్రంతా కదపకుండా ఉంచి పొద్దున కొలిస్తే 12.1 వోల్టులు. నిండు బ్యాటరీ 12.6 పైన ఉండాలి, 12.2 అంటే సగానికి వచ్చినట్టు. టౌనులో ఫుల్‌గా ఛార్జ్ చేయించి, యాసిడ్ చిక్కదనం కొలిచే హైడ్రోమీటర్‌తో ఆరు సెల్లులూ చూశాను. అన్నీ దగ్గర దగ్గరగానే ఉన్నాయి. ఒక్క సెల్లు మిగతావాటికంటే 50 పాయింట్లు, అంటే 1.240 పక్కన 1.190 లాగా, దిగిపోయి ఉంటే ఆ బ్యాటరీ మీద ఆశ వదులుకోవాలి. మాది అట్లా లేదు. నీళ్లు మాత్రం ప్లేట్ల అంచుదాకా దిగాయి. మన ఎండలకు అది మామూలే. డిస్టిల్డ్ వాటరే పోయాలి. యాసిడ్ కలిపితే బలం వస్తుందని కొందరు పోస్తారు, అది ప్లేట్లను తొందరగా తినేస్తుంది.

రాత్రిపూట ఏదైనా దొంగగా కరెంటు లాగుతోందా అని నెగెటివ్ కేబుల్ విప్పి మధ్యలో మీటరు పెట్టి చూశాను. చెప్పుకోదగ్గదేమీ లేదు.

ఉగాది తర్వాత: మీటరు ఏం చెప్పింది

ఇక్కడే అసలు కథ. ఇంజిన్ స్టార్ట్ చేస్తే స్లోలో బ్యాటరీ దగ్గర 12.3, అక్కడే కూర్చుంది. థ్రాటిల్ బాగా లేపాక ఒక్కసారిగా ఎగిరి 13.0కు వచ్చింది. మళ్లీ స్లోకు దించినా ఛార్జింగ్ ఆగలేదు. అంటే ఆల్టర్నేటర్ పని చేస్తోంది, కానీ నిద్ర లేవడానికి ఎక్కువ స్పీడు అడుగుతోంది. దీనికి కారణం డ్యాష్‌బోర్డులో దొరికింది. ఆల్టర్నేటర్‌లో అయస్కాంతాన్ని పుట్టించే తీగచుట్టకు (ఫీల్డు) మొదటి కరెంటు ఛార్జింగ్ లైటు గుండానే పోతుంది. ఆ బల్బు కాలిపోయినా, దాని బదులు ఎల్‌ఈడీ పెట్టినా ఆ కరెంటు చాలదు. మా బండిలో ఎవరో నిగనిగలాడే ఎల్‌ఈడీ పెట్టారు. 12 వోల్టుల 3 వాట్ల మామూలు ఫిలమెంటు బల్బు వేశాక, స్టార్ట్ చేసి కొంచెం యాక్సిలేటర్ ఇస్తే చాలు, లైటు ఆరి ఛార్జింగ్ మొదలవుతోంది. పదుల రూపాయల్లో తేలిన పని.

అయినా 13.0 చాలదు. బ్యాటరీ నిండాలంటే 13.8 నుంచి 14.4 మధ్య రావాలి. మీటరును ఆల్టర్నేటర్ వెనక కరెంటు బయటికొచ్చే బి ప్లస్ బోల్టుకూ దాని బాడీకీ పెడితే 14.5. అక్కడ తయారవుతున్నది బ్యాటరీ దాకా రావడం లేదు, దారిలో ఒకటిన్నర వోల్టు తినేస్తోంది.

ఎక్కడ తింటోందో పట్టుకోవడానికి ఏదీ విప్పనక్కర్లేదు. ఇంజిన్ నడుస్తుండగా, ఛార్జింగ్ బాగా పోతున్నప్పుడు, మీటరు ఒక ముల్లు బి ప్లస్ మీద, రెండోది బ్యాటరీ ప్లస్ మీద. 1.15 వచ్చింది. తర్వాత ఆల్టర్నేటర్ బాడీ మీద ఒకటి, బ్యాటరీ మైనస్ మీద ఒకటి. 0.35. రెండూ కలిపితే పోయిన ఒకటిన్నర లెక్క సరిపోయింది. ప్లస్ వైపు 0.3, ఎర్త్ (బాడీ, మైనస్) వైపు 0.2 దాటితే అక్కడ ఏదో ఉన్నట్టే. కరెంటు పోతున్నప్పుడే ఈ కొలత, ఇంజిన్ ఆపితే అన్నీ సున్నాలే చూపిస్తాయి.

ప్లస్ వైరు వెంబడి ముక్కముక్కగా కొలుచుకుంటూ పోతే దోషి దొరికింది. ఈ బండికి మొదట్లో డైనమో, అంటే ఆల్టర్నేటర్లకు ముందు కాలపు ఛార్జింగ్ యంత్రం, ఉండేది. మా దగ్గరికి రాకముందే ఎవరో దాన్ని తీసి ఆల్టర్నేటర్ బిగించారు. కానీ బ్యాటరీ కరెంటు వెనక్కి డైనమోలోకి పోకుండా ఆపే కటౌట్ డబ్బాను తీయకుండా, దాని స్క్రూ కిందే పాత వైరునూ కొత్త వైరునూ కలిపి బిగించేశారు. డబ్బా లోపల ఏ పనీ లేదు, అది ఉత్త జంక్షన్. ఆ ఒక్క స్క్రూ దగ్గరే 0.6 వోల్టులు. అక్కడి నుంచి, కరెంటు ఎంత పోతోందో ముల్లుతో చూపే అమ్మీటర్‌కు పోయి తిరిగొచ్చేలోగా ఇంకో 0.4. అరువు తెచ్చిన క్లాంప్ మీటర్ 15 ఆంపియర్లు చూపించింది. 0.6ను 15తో గుణిస్తే తొమ్మిది వాట్లు, అదంతా ఆ స్క్రూ కింద వేడి. డబ్బా ప్లాస్టిక్ అక్కడ గోధుమరంగుకు తిరిగి పెళుసుబారింది. నాకైతే ఛార్జింగ్ కంటే ఇదే ఎక్కువ భయం వేసింది. పక్కనే డీజిల్ పైపు ఉంది.

డైనమో ఇచ్చేది 20 ఆంపియర్ల చిల్లర. పాత వైర్లూ అమ్మీటరూ ఆ లెక్కకు వేసినవే. ఆల్టర్నేటర్ 35 దాకా ఇస్తుంది. యంత్రం మార్చినవాళ్లు దారిని కూడా మార్చి ఉంటే ఈ పని నాదాకా వచ్చేది కాదు.

మే: కొత్త వైరు

ఆల్టర్నేటర్ బి ప్లస్ నుంచి సెల్ఫ్ మోటార్ మీద బ్యాటరీ కేబుల్ బిగించే లావు బోల్టుకు నేరుగా 10 స్క్వేర్ ఎంఎం రాగి వైరు వేశాను. సెల్ఫ్ వైపు చివర 60 ఆంపియర్ల ఫ్యూజ్. ఫ్యూజ్ ఆ చివరే ఉండాలి, ఎందుకంటే వైరు ఎక్కడైనా రాసుకుపోయి బాడీకి తగిలితే మంట పుట్టించేది బ్యాటరీ. వైరు చివర్ల లగ్గులు కటింగ్ ప్లేయర్‌తో నొక్కి వదిలేస్తే ఊడతాయి. టౌనులో ఇన్వర్టర్లు బిగించే షాపులో క్రింపింగ్ టూలుతో నొక్కించుకున్నాను. సైలెన్సర్ వైపు పోకుండా, ఫ్యాన్‌కు దూరంగా క్లిప్పులతో కట్టాను. ఇదంతా బ్యాటరీ నెగెటివ్ విప్పాకే.

ఎర్త్ సంగతి తేలిక. బండికి ఎర్రరంగు వేయించినప్పుడు ఎర్త్ పట్టీ కింద కూడా రంగు పోసేశారు. బోల్టు విప్పి ఇనుము మెరిసేదాకా గీకి, స్టార్ వాషర్ వేసి బిగించి, పైన వాజ్‌లీన్ పూశాను. 0.35 కాస్తా 0.04 అయింది.

అమ్మీటర్ దగ్గర ఇంట్లో తగాదా. దాని రెండు వైర్లనూ ఒకే బోల్టుతో కలిపేసి, అదే చోట వోల్ట్ మీటర్ పెడదామని నా ఉద్దేశం. నాయన ఒప్పుకోలేదు. 'ఆ ముల్లు అట్లా ఊగుతాంటేనే బండి బతికున్నట్టుంటుంది రా, దాన్ని తీయొద్దు' అన్నాడు. వైర్లు తప్పించి అమ్మీటర్‌ను ఉన్నచోటే ఉంచి, వోల్ట్ మీటర్‌ను పక్కన చిన్న రేకు మీద బిగించాను. ముల్లు ఇప్పుడు ఊగదు. ఆయన ఇంకా దాన్నే చూస్తాడు.

ఇప్పటి లెక్కలు: బి ప్లస్ దగ్గర 14.5, బ్యాటరీ దగ్గర 14.3, హెడ్‌లైట్లూ ట్రాలీ లైట్లూ వేస్తే 13.9. మీటరును ఏసీ వోల్టుల కొలతకు తిప్పి బ్యాటరీ మీద పెడితే 0.06. ఇది అర వోల్టు దాటితే లోపల ఏసీని డీసీగా మార్చే డయోడ్ పోయినట్టు అనుమానించాలి. ఆల్టర్నేటర్‌ను ఇంతవరకు బండి మీదినుంచి దించనే లేదు.

ఒకటి మాత్రం గట్టిగా చెబుతాను. ఛార్జింగ్ ఉందో లేదో చూడటానికి ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ వైరు పీకే అలవాటు మన దగ్గర ఇంకా ఉంది. డైనమో రోజుల్లో అది చెల్లింది. ఆల్టర్నేటర్‌కు చేస్తే వోల్టేజీ ఒక్కసారిగా ఎగిరి డయోడ్లూ రెగ్యులేటరూ పోతాయి. ట్రాలీ కొక్కేనికి వెల్డింగ్ పెట్టేటప్పుడు కూడా బ్యాటరీ వైర్లతో పాటు ఆల్టర్నేటర్ వైర్లనూ విప్పడం మంచిది.

ఇక మిగిలింది బెల్టు. బొటనవేలితో నొక్కితే సెంటీమీటరు, సెంటీమీటరున్నర దిగాలి. మాది అంతే దిగుతోంది కానీ అంచులు అద్దంలా నునుపు తేలాయి, లైట్లన్నీ వేస్తే కీచుమంటోంది. మబ్బు పట్టి విత్తనం పని మొదలైతే బండి చేతికి దొరకదు, ఆలోపే మార్చాలి. పాత కటౌట్ డబ్బా ఇప్పుడు ఖాళీగా వేలాడుతోంది. బెల్టు రోజున దాన్ని కూడా పీకేసి, ఆ రెండు రంధ్రాలకు హారన్ రిలే బిగిస్తాను.